పచ్చికలో పసుపు మచ్చలు: కుక్క వంతెంత, బోరు నీటి వంతెంత

ఇంటి ముందు నాలుగైదు అంకణాల స్థలం మిగిలితే అందులో లాన్ పరిపించడం, ఆ ఇంట్లోనే ఒక లాబ్రడారునో జర్మన్ షెపర్డునో పెంచడం నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల కొత్త కాలనీలలో ఇప్పుడు మామూలు విషయమైంది. కొన్ని నెలలు గడిచేసరికి ఆ పచ్చిక మీద అరచేతి వెడల్పున ఒకటి, పళ్లెం వెడల్పున ఒకటి పసుపు మచ్చలు బయలుదేరతాయి. ఇంటివారు నేరాన్ని కుక్క మీద మోపుతారు, తోటమాలి గడ్డి రకాన్ని తప్పుపడతాడు, నర్సరీవారు నేల మంచిది కాదంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరప్రాంతంలో ఎవరూ లెక్కలోకి తీసుకోనిది, ఆ పచ్చికకు రోజూ పెడుతున్న నీరు. మచ్చ పడటానికి కారణం కుక్కే. పడిన మచ్చ నెలలు గడిచినా పూడకపోవడానికి మాత్రం చాలా ఇళ్లలో బోరు నీరే కారణం. ఈ రెండింటినీ విడివిడిగా చూడనంతకాలం, మళ్లీ మళ్లీ గడ్డి తెచ్చి పరిపించినా ఫలితం ఉండదు.

ముందుగా మచ్చ ఎలా పడుతుందో చూద్దాం. కుక్క తిన్న మాంసకృత్తులు అరిగిన తరువాత మిగిలే నత్రజని యూరియా రూపంలో మూత్రం ద్వారా బయటకు పోతుంది. రైతు బస్తాల్లో కొని చల్లే యూరియా కూడా రసాయనికంగా అదే పదార్థం. వరి మడిలో యూరియాను సరిగా వెదజల్లక గుప్పెడు ఒకేచోట పడితే అక్కడి పైరు మాడిపోయి, దాని చుట్టూ ఉన్న పైరు మాత్రం నల్లబడి ఏపుగా లేవడం సేద్యం తెలిసినవారందరూ చూసినదే. లాన్ మీద జరిగేదీ అదే. మూత్రం నేరుగా పడిన నడిమి భాగంలో మోతాదు మించి గడ్డి చచ్చిపోతుంది, పలచగా పాకిన అంచుల్లో అదే మూత్రం ఎరువుగా పనిచేసి ముదురాకుపచ్చ వలయాన్ని ఏర్పరుస్తుంది. మూత్రంలో యూరియాతో పాటు సోడియం, పొటాషియం, క్లోరైడు లవణాలు కూడా ఉంటాయి. ఇవి వేళ్ల చుట్టూ పేరుకుంటే నేలలో తడి ఉన్నా వేరు దానిని పీల్చుకోలేదు.

ఆ పచ్చని వలయం రోగ నిర్ధారణకు బాగా ఉపయోగపడే గుర్తు. వలయం లేని పసుపు మచ్చ కనిపిస్తే కుక్కను అనుమానించే ముందు గడ్డిని పిడికిట పట్టి పైకి లాగి చూడాలి. వేళ్లు గట్టిగా పట్టుకొని ఉంటే అది మూత్రపు మచ్చో, నీరందని చోటో అయివుంటుంది. చాప చుట్టినట్టు పైకి లేచి వస్తే కింద వేరుపురుగు ఉన్నట్టు లెక్క; జానెడు లోతు తవ్వితే తెల్లగా, కొడవలిలా వంగిన పురుగులు బయటపడతాయి. పరకల మీద మచ్చలు, తెల్లని బూజు వంటివి ఉంటే తెగులు. ఈ మూడింటికీ చికిత్సలు వేరు గనుక ఈ పరీక్ష చేయకుండా మందు కొనడం అనవసరపు ఖర్చు.

కుక్క మూత్రం ఆమ్లం కాబట్టి గడ్డి మాడుతుందని, అందువల్ల సున్నం చల్లితే విరుగుడవుతుందని ఒక నమ్మకం బలంగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క మూత్రం కొద్దిపాటి ఆమ్లత్వానికీ తటస్థ స్థితికీ నడుమే ఉంటుంది. గడ్డి మాడటానికి అది చాలదు. పైగా తీరప్రాంతపు నేలల్లో చాలావరకు ఇప్పటికే క్షారగుణం కలవి, వాటికి సున్నం చేర్చడమంటే ఉన్న సమస్యను పెంచుకోవడమే. కుక్క ఆహారంలో టమాటా రసం, వెనిగర్, వంటసోడా కలపమనే సలహాలు ఇంకా ప్రమాదకరమైనవి. ఉప్పో సోడానో తిన్న కుక్కకు దాహం పెరిగి నీరు ఎక్కువ తాగుతుంది, మూత్రం పలచబడుతుంది. వాటి మహిమగా కనిపించేదంతా అంతే. మూత్రపిండాల జబ్బో గుండె జబ్బో ఉన్న కుక్కకు ఆ అదనపు సోడియం ప్రాణం మీదికి తెస్తుంది. గడ్డి కోసం కుక్క ఆరోగ్యాన్ని పణంగా పెట్టడం ఏ లెక్కన చూసినా తగదు.

ఆడకుక్కల మూత్రమే గడ్డిని చంపుతుందనే మాటలో నిజం మూత్రంలో లేదు, అవి కూర్చునే పద్ధతిలో ఉంది. ఆడకుక్కలు, ఏడాది నిండని మగ కుక్కపిల్లలు నేలకు వంగి ఒకేచోట మొత్తం విడుస్తాయి. ఎదిగిన మగకుక్క కాలెత్తి గోడకింత, చెట్టుకింత పంచుతుంది, అందుకే లాన్ బతికి కంచె మొక్కలు మాడతాయి. తిండి విషయానికొస్తే, మాంసకృత్తులు ఎక్కువైనకొద్దీ యూరియా ఎక్కువవుతుంది గానీ, ఆ కారణంతో ఎదిగే కుక్కపిల్లకు మాంసం తగ్గించకూడదు. తగ్గించవలసింది ఉప్పు. మన ఇళ్లలో మిగిలిపోయిన చేపల పులుసు అన్నం కుక్కకు పెట్టే అలవాటు ఉంది. అందులోని ఉప్పు మూత్రంలో దిగి గడ్డి వేళ్లకు చేరుతుంది. ఉల్లిపాయ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. నెల్లూరు పులుసు మనకు ఎంత ఇష్టమైనా కుక్క గిన్నెలో దానికి చోటు లేదు.

ఇక నీటి సంగతి. పెన్నా ఒడ్డు ఇసుక నేలల్లో బోరు సాధారణంగా మంచినీరే ఇస్తుంది. సముద్రం వైపు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, సింగరాయకొండ, కొత్తపట్నం దిక్కుగా జరిగేకొద్దీ నీటిలో ఉప్పు పెరుగుతుంది. రొయ్యల చెరువుల పక్కన ఉన్న ఇళ్లవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. పడమట కనిగిరి వైపు ఫ్లోరైడు బాధ అందరికీ తెలిసినదే, అక్కడి బోర్లలో కూడా లవణాలు తక్కువేమీ కావు. సాగునీటి నాణ్యతకు ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ పెట్టిన కొలమానాల ప్రకారం లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న నీరు ఏ పంటకైనా నిరభ్యంతరం. 450 నుంచి 2000 వరకు జాగ్రత్తగా వాడుకోవలసినది. 2000 దాటితే తీవ్రమైన ఇబ్బంది. ఈ సంఖ్య కోసం ప్రయోగశాలకు వెళ్లనక్కరలేదు, ఇంట్లో నీటి శుద్ధి యంత్రాన్ని చూసే మెకానిక్కు జేబులో ఉండే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు చాలు.

బోరు నీటి టీడీఎస్ 1500 అనుకుందాం. గరిక అంతటి ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది కాబట్టి లాన్ పచ్చగానే కనిపిస్తుంది, యజమానికి అనుమానం రాదు. అయితే దాని ఓర్పులో ఎక్కువ భాగం ఆ నీటికే ఖర్చయిపోయి ఉంటుంది. అటువంటి నేల మీద కుక్క మూత్రం పడినప్పుడు, మంచినీటి లాన్‌లో రెండు మూడు వారాల్లో పూడిపోయే మచ్చ ఇక్కడ అలాగే నిలిచిపోతుంది, దాని పక్కన మరొకటి చేరుతుంది. ఎండాకాలంలో పైపైన తడిపి వదిలేసే అలవాటు దీనికి తోడైతే నీరు ఆవిరై ఉప్పు పై పొరలోనే మిగిలి, ఉదయం పూట నేల మీద తెల్లటి పొరగా కనిపిస్తుంది.

ఇందులో మరొక చిక్కు, నీటిని వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశం నుంచే పుడుతోంది. తాగునీటి కోసం పెట్టుకున్న ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిని పైపు పెట్టి లాన్‌లోకి మళ్లించడం చాలా ఇళ్లలో చూస్తాం. ఆ యంత్రం నాలుగు లీటర్లు తీసుకొని ఒక లీటరు మంచినీరు ఇస్తే, నాలుగు లీటర్లలోని ఉప్పు దాదాపుగా అంతా మిగిలిన మూడు లీటర్లలోకి చేరుతుంది. 1500 టీడీఎస్ నీరు లోపలికి వెళితే బయటకు వచ్చేది సుమారు 2000. ఆ నీటిని ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవచ్చు, లాన్‌కు పెట్టకూడదు. లాన్‌కు పనికివచ్చే నీరు అదే ఇంట్లో మరొకచోట కారుతూ ఉంటుంది. ఏసీ నుంచి బొట్లు బొట్లుగా పడేది గాలిలోని ఆవిరి చల్లబడి ఏర్పడిన నీరు, అందులో లవణాలు ఉండవనే చెప్పాలి. తీరప్రాంతపు ఉక్కలో గంటల తరబడి నడిచే ఏసీ కింద బకెట్టు పెడితే రోజూ ఆ బకెట్టు నిండుతుంది. మచ్చలు కడగడానికి అది మేలైన నీరు. లోహపు గొట్టాల మీదుగా వస్తుంది గనుక కుక్క తాగకుండా మూత పెట్టుకోవాలి.

మూత్రం పడిన వెంటనే దానికి మూడు నాలుగింతల నీరు అదే చోట పోయడం ఇప్పటివరకు తెలిసిన చికిత్సలన్నిటిలో నమ్మదగినది. మరునాడు పోస్తే పెద్దగా ఫలితం ఉండదు. రోజంతా కుక్క వెంట చెంబు పట్టుకొని తిరగడం ఎవరివల్లా కాదు కాబట్టి, తెల్లవారగానే మొదటిసారి విడిచే మూత్రం మీద దృష్టి పెడితే చాలు. రాత్రంతా నిలిచి చిక్కబడిన ఆ మూత్రమే ఎక్కువగా మాడుస్తుంది. ఆ సమయంలో గొలుసు పట్టుకొని ఒక నిర్ణీత స్థలానికి తీసుకువెళ్లి, పని కాగానే ఒక ముక్క బిస్కెట్టు ఇస్తూ ఉంటే చాలా కుక్కలు కొద్ది వారాల్లో అదే చోటుకు అలవాటు పడతాయి. పెరట్లో ఒక మూల రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు తవ్వి, అడుగున కంకర, పైన ఏటి ఇసుక పోసి, మగకుక్క అయితే మధ్యలో ఒక కర్ర పాతితే ఆ స్థలం సిద్ధమవుతుంది. దానిని వారానికి రెండుసార్లు పైపుతో కడగాలి, కొన్ని నెలలకొకసారి పై ఇసుక మార్చాలి.

గడ్డి రకం ఎంచుకొనేటప్పుడు విదేశీ సలహాలు మన వాతావరణానికి అతకవు. కుక్క మూత్రాన్ని బాగా తట్టుకునేవిగా అక్కడ చెప్పే ఫెస్క్యూ, రై గడ్డి చలి దేశపు జాతులు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో అవి ఒక్క వారం కూడా నిలవవు. మనకు మిగిలేవి గరిక జాతి, కొరియన్ కార్పెట్ గడ్డి, వెడల్పాటి ఆకుల బఫెలో గడ్డి. చూడటానికి కొరియన్ గడ్డి అందంగా ఉంటుంది, ఉప్పునూ ఓర్చుకుంటుంది గానీ అది పాకే వేగం చాలా తక్కువ, మచ్చ పడితే పూడటానికి ఒక రుతువు పట్టవచ్చు. బఫెలో గడ్డి కాస్త నీడలోనూ బతుకుతుంది, పరుగులు మాత్రం తట్టుకోలేదు. గరిక మూత్రానికి త్వరగానే మాడుతుంది, కానీ నేల మీద తీగలతోనూ నేల లోపలి కాడలతోనూ పాకి ఖాళీని తానే కమ్ముకుంటుంది. పొలంలో కణుపు మిగిలితే మళ్లీ లేస్తుందని రైతు విసుక్కునే ఆ మొండితనం కుక్క ఉన్న ఇంట్లో కావలసిన గుణం. వినాయక చవితినాడు కోసుకువచ్చే నాటు గరిక అయినా, నర్సరీలలో దొరికే పొట్టి రకమైనా ఎండ రోజుకు ఆరు గంటలు తగలడం తప్పనిసరి. మామిడి చెట్టు కింద గరిక పెంచాలన్న పట్టుదల మానుకోవడం మంచిది.

కడియం నర్సరీల నుంచి లారీలలో వచ్చే గడ్డి పలకలకు అడుగున ఎర్రమట్టి అంటుకొని ఉంటుంది. ఆ పలకలను తీరప్రాంతపు ఇసుక మీదో, ఒంగోలు వైపు నల్లరేగడి మీదో నేరుగా పరిస్తే రెండు మట్టి పొరల నడుమ నీరు సరిగా దిగదు, వేరు కిందికి పోదు. పరిచేముందు పై జానెడు మట్టిని గుల్లచేసి ఇసుక, జల్లెడపట్టిన మాగిన పశువుల ఎరువు కలపాలి. నల్లరేగడిలో భూసార పరీక్ష చేయించి సోడియం ఎక్కువని తేలితే జిప్సం వేయడం అర్థవంతం. మూత్రపు మచ్చలకు జిప్సం మందనే ప్రచారం మాత్రం నమ్మదగినది కాదు, నత్రజని మీద దానికి ఏ ప్రభావమూ లేదు.

ఎరువుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. రసాయనాలు వద్దనుకున్న ఇంటివారు వేసే ఆముదపు పిండి కుక్కకు ప్రాణాంతకమని చాలామందికి తెలియదు. ఆముదం గింజలోని రిసిన్ అనే విషం నూనెలోకి రాదు, గానుగ ఆడాక మిగిలే పిండిలోనే ఉండిపోతుంది. తగినంత వేడిచేసి శుద్ధి చేయని పిండిని, అందులోనూ ఎముకల పొడితో కలిపి మొక్క మొదట్లో వేస్తే, ఆ వాసనకు కుక్క తవ్వి మరీ తింటుంది. వాంతులు, రక్త విరేచనాలు కొన్ని గంటలకు గానీ, ఒక్కోసారి మరునాటికి గానీ మొదలు కావు, అప్పటికి చికిత్స కష్టమవుతుంది. కుక్క తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి, సంచి మీది పేరును వెంట తీసుకువెళ్లాలి. వేపపిండి చేదు వల్ల కుక్కలు సాధారణంగా దాని జోలికి పోవు. వేరుశనగ పిండి తడిసి బూజుపడితే అదీ విషమే. అన్నిటికంటే మేలైనవి మాగిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు. అవి వేసి, నీరు పెట్టి, పైన ఆరేవరకు కుక్కను కట్టివేస్తే చాలు.

వేరుపురుగుకు గుళికలు చల్లే తోటమాలిని కూడా ఆపవలసి ఉంటుంది. పాత అలవాటుగా అడిగే ఫోరేట్ ఇప్పుడు దేశంలో నిషిద్ధం. కార్బోఫ్యూరాన్ గుళికలు కొన్ని నోట్లోకి పోయినా కుక్క నురగలు కక్కి పడిపోతుంది. పచ్చిక మీద దొర్లి, ఆ తరువాత కాళ్లు నాక్కునే జంతువు ఉన్న ఇంట్లో వీటికి చోటు లేదు. సాయంత్రం నేల తడిపి, పైకి వచ్చిన పురుగులను ఏరివేయడం, తొలకరి జల్లుల తరువాత దీపం చుట్టూ ముసిరే పెంకు పురుగులను (వేరుపురుగులు ఎదిగి మారే రూపమే అవి) పట్టి చంపడం శ్రమతో కూడిన పనులే అయినా చిన్న లాన్‌కు సరిపోతాయి.

మలం సంగతి క్లుప్తంగానే చెప్పుకోవచ్చు: అది పేడ వంటి ఎరువు కాదు, ఏ రోజుది ఆ రోజు ఎత్తివేయాలి. మలంతో పాటు పడే కొంకిపురుగు (హుక్‌వర్మ్) గుడ్లు తడి ఇసుక నేలలో పిల్లలై, సుమారు వారం రోజుల్లో చర్మం గుండా శరీరంలోకి చొచ్చుకుపోయే దశకు చేరుకుంటాయి. పచ్చిక మీద చెప్పులు లేకుండా ఆడే పిల్లల పాదాలకు వంకర గీతల్లాంటి దద్దుర్లు రావడానికి అవే కారణం. ఆ గడువు లోపల మలం తీసివేస్తే ఈ గొలుసు తెగుతుంది. సాయంత్రం కాకుండా తెల్లవారుజామున నీరు పెడితే పగటి ఎండకు నేల పై పొర ఆరి ఆ పురుగులు చస్తాయి, గడ్డికి బూజు తెగుళ్లూ తగ్గుతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పటిలా వాన నీరు ఆవరణలో నిలిచిన రోజుల్లో ఎలుకల మూత్రం కలిసిన ఆ నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదం ఉంది. కుక్కకు ఏటా వేయించే టీకాలో దానికి సంబంధించిన భాగం ఉందో లేదో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. గోమార్ల కోసం లాన్ అంతా మందు కొట్టించేవారున్నారు గానీ, మన కుక్కలను పట్టే గోధుమరంగు గోమారి ఎక్కువగా గుడ్లు పెట్టేది గోడ పగుళ్లలో, కుక్క పడుకునే గూటి సందుల్లో, వెతకవలసింది అక్కడ.

ప్రహరీ వెంట కుక్క రోజూ ఒకే దారిన పరుగెత్తడం వల్ల అక్కడ గడ్డి అరిగి నేల బండబారుతుంది. అది దాని కాపలా దారి, ఎన్నిసార్లు గడ్డి వేసినా మళ్లీ అక్కడే నడుస్తుంది. ఆ రెండడుగుల మేర గడ్డి ఆశ వదులుకొని రాళ్లు పరచడం తెలివైన పని. చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్కలు చవకగా దొరుకుతాయి గానీ మే నెల మధ్యాహ్నం కుక్క పాదాలు కాలిపోయేంతగా అవి వేడెక్కుతాయి. లేతరంగు నాపరాళ్లు నయం. ఎండాకాలంలో కుక్క లాన్‌ను తవ్వడం కూడా అల్లరి కాదు, చల్లటి మట్టిలో పొట్ట ఆనించుకోవడం దాని అవసరం. చెట్టు నీడన తడి ఇసుక గుంట ఒకటి ఇస్తే పచ్చిక జోలికి రావడం బాగా తగ్గుతుంది.

పాత మచ్చలను బాగుచేయడానికి మన ప్రాంతానికి ప్రకృతి ఇచ్చిన సమయం ఈశాన్య రుతుపవనాల రాక. మిగిలిన రాష్ట్రానికి జూన్ ఎలాగో నెల్లూరుకు అక్టోబరు అలాగ. ఏడాది వానలో ఎక్కువ భాగం డిసెంబరులోపు ఇక్కడ కురుస్తుంది. ఆ వాననీరు నేలలోని ఉప్పును కిందికి కడిగివేస్తుంది, బోరుతో ఎంత నీరు పెట్టినా అది సాధ్యం కాదు. మొదటి రెండు మూడు మంచి వానలు పడనిచ్చి, ఎండిన గడ్డిని గీకివేసి, మట్టిని వేలెడు లోతు గుల్లచేసి, లాన్ అంచుల్లో బలంగా పాకుతున్న గరిక తీగలను రెండు మూడు కణుపుల ముక్కలుగా నాటితే కొద్ది వారాల్లో ఖాళీ కప్పుకుంటుంది. అప్పటివరకు ఆ చోట నాలుగు పుల్లలు గుచ్చి తాడు కట్టాలి. కుక్క తిరిగే భాగంలో యూరియా అసలు వేయనక్కరలేదు, దాని వాటా అది వేస్తూనే ఉంది. గడ్డి కోసినప్పుడు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకుండా, నాలుగైదు సెంటీమీటర్లు నిలిపితే వేరు లోతుకు పోతుంది, మూత్రాన్నీ తొక్కిడినీ మరింత తట్టుకుంటుంది.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఉన్నవారికి ఈ సలహాలన్నీ సగమే వర్తిస్తాయి. అక్కడ వాన తక్కువ, బోర్లు లోతు. వేసవిలో లాన్ చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్ల నీరు తాగుతుంది, అంటే 100 చదరపు మీటర్లకు 400 నుంచి 500 లీటర్లు. ట్యాంకరు మీద ఆధారపడే ఇంట్లో ఆ ఖర్చును సమర్థించుకోవడం కష్టం. అటువంటి చోట పదిహేను, ఇరవై చదరపు మీటర్ల గరిక మాత్రం ఉంచుకొని, మిగిలిన ఆవరణలో వేప నీడ, ఇసుక, నాపరాళ్లు ఏర్పాటు చేసుకోవడం కుక్కకూ సుఖం. అంత చిన్న పచ్చికకు ఏసీ నీరు, బియ్యం కడిగిన నీరు, ఇంటి కప్పు మీది నుంచి తొట్టిలో పట్టిన వాననీరు కలిపితే ఎండాకాలం మినహా మిగిలిన నెలల్లో చాలావరకు బోరు వేయకుండానే గడుస్తుంది.